మేకలున్న ఇంటికి గన్నేరు వద్దు, వాక్కాయ వేయండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఎర్ర నేల. కొత్త ఇంటి చుట్టూ ఏడాది పొడవునా పచ్చగా ఉండే మొక్కలు కంచెలా పెంచాలని ఉంది. ఎండాకాలంలో బోరు నీళ్లు ఇంటి వాడకానికే చాలవు. గన్నేరు వేయమంటున్నారు. మాకు రెండు గేదెలు, కొన్ని మేకలు ఉన్నాయి. ఏం వేస్తే మంచిది?
– ఒక రైతు

జవాబు: గన్నేరు ఎండకు తట్టుకుంటుంది, పూలూ బాగుంటాయి. కానీ ఆకు, కొమ్మ, పువ్వు అన్నీ విషమే. పచ్చి ఆకు చేదుగా ఉండి పశువు వదిలేసినా, కత్తిరించిన కొమ్మలు ఎండి మేతలో కలిస్తే తినేస్తుంది. ఎండినా విషం పోదు. పశువులున్న ఇంట్లో ఆ టెన్షన్ ఎందుకు?

వాక్కాయ వేయండి. మన గుట్టల మీది కలివికి ఇది దగ్గరి చుట్టం. ఆకు రాలిపోదు, గట్టి ముళ్లుంటాయి కాబట్టి మేకలు అంత తేలిగ్గా నోరు పెట్టవు. పైగా పప్పులోకి, పులిహోరలోకి, పచ్చడికి కాయలొస్తాయి. బేకరీల్లో చెర్రీ పేరుతో అమ్మేది చాలావరకు చక్కెర పాకంలో ఊరి రంగేసుకున్న ఈ కాయే!

విత్తనంతో పెంచాలంటే బాగా పండి నల్లబడిన కాయల నుంచి గింజలు తీసి, కడిగి, నీడలో ఆరబెట్టి వెంటనే నాటాలి. నిల్వ ఉంచితే మొలక తగ్గిపోతుంది. మొదట్లో ఎదుగుదల నెమ్మది. అందుకే నర్సరీలో ఏడాది వయసున్న మొక్కలు కొని, తొలకరి వానలకు రెండు మూడు అడుగుల ఎడంతో నాటడం మేలు. గుంతలో చివికిన పశువుల ఎరువు వేయండి. చెదలుంటే గుప్పెడు వేపపిండి కూడా కలపండి.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది మొదటి రెండు వేసవుల్లోనే. వారం పది రోజులకోసారి తడిపి, మొదళ్లలో వేరుశనగ పొట్టు పరచండి. స్నానాల నీళ్లు మళ్లించినా సరిపోతుంది, నిలవ మాత్రం ఉండకూడదు. ఈ మొక్కకు నీటి కొరత కంటే మురుగే ప్రమాదం. వేరు దిగాక మామూలు ఏళ్లలో వానలతోనే బతుకుతుంది.

మొక్క అడుగున్నర పెరగగానే చివర తుంచితే కింది నుంచి కొమ్మలు వేసి కంచె గుబురుగా వస్తుంది. కత్తిరింపులు కాయలు కోశాకే చేయండి. పూత మీద కత్తెర పెడితే ఆ ఏడు కాయ ఉండదు.

గేటు పక్కన, పిల్లలు ఆడేచోట ముళ్లు వద్దనుకుంటే అక్కడ బందారు నాటుకోండి. అదీ మన మెట్ట నేలల మొక్కే, దానికి ముల్లుండదు.