హాస్టల్లో చేరిన అబ్బాయి ఫోన్లో సరిగ్గా మాట్లాడకపోతే

మీ అబ్బాయి ఆరో తరగతికి హాస్టల్లో చేరాడనీ, ఫోన్ చేస్తే ఒకరోజు ఏడుపు, ఇంకోరోజు "ఊ", "ఆ" తప్ప మాట రావడం లేదనీ రాశారు. రోజూ ఫోన్ చేయాలా, తగ్గించాలా అని అడిగారు. నేనూ ఆ వయసులోనే హాస్టల్‌కి వెళ్లి, పదో తరగతి దాకా అక్కడే చదివాను. ఫోన్‌కి అవతలి వైపు ఎలా ఉంటుందో చెబుతాను.

ముందు వాడు ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో కనుక్కోండి. మా హాస్టల్లో ఫోన్ వార్డెన్ గదిలో ఉండేది. ఎదురుగా ఆయన, వెనకాల తమ వంతు కోసం చూస్తున్న పిల్లలు. "ఎలా ఉన్నావురా" అని అమ్మ అడిగితే "బాగున్నా" అనడం తప్ప ఇంకేం చెప్పగలను? సీనియర్లు వింటుండగా దిగులుగా ఉందని ఏ పిల్లాడూ నోరు విప్పడు. అందుకే మాట తగ్గిందని బెంగపడకండి. అవును, కాదు అంటే సరిపోయే ప్రశ్నలు వేయండి. పక్కన ఎవరైనా ఉన్నారా? రాత్రి నిద్ర పడుతోందా? ఎవరైనా ఏడిపిస్తున్నారా? మా నాన్న ఇంకో ఏర్పాటు కూడా చేశారు. ఫోన్లో చెప్పలేని కష్టం వస్తే అటక మీది పాత రేడియో బాగు చేయించారా అని అడగమన్నారు. ఆ మాట వింటే ఆయన బయల్దేరి వచ్చేస్తారు. దాన్ని వాడే అవసరం నాకు రాలేదు, కానీ అలాంటి మాట ఒకటి ఉందన్న ధైర్యంతో చాలా రాత్రులు నిద్రపోయాను.

రోజూనా, వారానికోసారా అన్నది హాస్టల్ నియమాన్ని బట్టి ఉంటుంది. చెప్పిన రోజు, చెప్పిన వేళకు చేయడమే ముఖ్యం. రావాల్సిన ఫోన్ రాకపోతే ఇంట్లో ఏమైందోనని పిల్లాడికి ఏదీ తలకెక్కదు. పడుకునే ముందు మాత్రం చేయకండి. ఆ వేళకి ఇల్లు మరీ గుర్తొస్తుంది, ఫోన్ పెట్టేశాక మనసు మళ్లించడానికి పనీ ఉండదు. ఆటల వేళకి కాస్త ముందు చేస్తే కళ్లు తుడుచుకుని మైదానంలోకి పరిగెడతాడు. మీరు ఇక్కడ రాత్రంతా వాడి ఏడుపే తలుచుకుంటూ ఉంటారు గానీ, వాడు అప్పటికే తేరుకుని ఉంటాడు.

ఇక మాట్లాడేది ఏమిటి? మార్కులు, తిండి, ఆరోగ్యం అడిగేసరికే చాలామంది తల్లిదండ్రులకు సమయం అయిపోతుంది. మా అమ్మ అడగడం కంటే చెప్పడమే ఎక్కువ చేసేది. కుక్క పిల్లల్ని పెట్టింది, చెల్లికి పన్ను ఊడింది, పక్కింటి వాళ్లు గోడకి ఏం రంగు వేశారు, అన్నీ చెప్పేది. మధ్యలో "నీ సైకిల్ చెల్లి తొక్కుతానంటోంది, ఇవ్వమంటావా?" అని నన్నడిగేది. నా అనుమతి లేకుండా నా సైకిల్ కదలలేదంటే ఆ ఇంట్లో నేనింకా ఉన్నట్టే కదా. మీ అబ్బాయినీ అలా అడగండి, వాడు కాదంటే ఆ మాట నిలబెట్టండి.

"ఏడవకు, ఉండలేకపోతే వచ్చి తీసుకొచ్చేస్తాం" అని మాత్రం మాటివ్వకండి. ఇంటి బెంగ మీద 2007లో అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వెలువరించిన నివేదిక కూడా ఇలాంటి మాట ఇవ్వవద్దనే చెప్పింది. ఆ మాట విన్న పిల్లాడు అక్కడ అలవాటు పడటం మానేసి, మీరెప్పుడొస్తారా అని ఎదురుచూస్తాడు. "బెంగ అందరికీ ఉంటుంది, నువ్వు ఉండగలవు, ఫలానా రోజు వస్తాం" అనండి, ఆ రోజు వెళ్లండి. కానీ వాడు తినడం మానేసినా, వారాల తరబడి నిద్రపోకపోయినా, ఎవరైనా కొడుతున్నారని అనుమానం వచ్చినా ఫోన్‌తో సరిపెట్టుకోకండి. వెంటనే వెళ్లి, ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

ఇంకొకటి, ఉత్తరాలు రాయండి. వార్డెన్ ముందు ఫోన్లో అనలేనివన్నీ నేను నాన్నకి ఉత్తరంలోనే రాశాను. ఇంటి చిరునామా రాసి స్టాంపులు అంటించిన కవర్లు కొన్ని వాడి పెట్టెలో పెట్టండి. వాడు తిరిగి రాయకపోయినా మీరు మానకండి.