నామినీ పేరు రాశారు సరే, కొట్టు ఎవరిది?

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా కొట్టు, ఆంధ్రాలోని పాతపట్నంలో గోదాము ఉన్నాయి. రెండూ నా ఒక్కడి పేరనే. వయసు 61. అబ్బాయి నాతోపాటే కొట్టు చూసుకుంటాడు, అమ్మాయిని శ్రీకాకుళం ఇచ్చాం. బ్యాంకులో అబ్బాయినే నామినీగా పెట్టాను. ఇది చాలదా, వీలునామా కూడా రాయాలా?

జవాబు: చాలదండీ. నామినీ బ్యాంకు నుంచి డబ్బు తీసుకోగలడు, అంతే. ఆ డబ్బు వారసులందరిదీ. డిపాజిట్ల మీద 2010లో, షేర్ల మీద 2023లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. వీలునామా లేకపోతే, హిందూ కుటుంబమైతే, మీ భార్యకు, అబ్బాయికి, అమ్మాయికి, మీ అమ్మగారు ఉంటే ఆవిడకూ సమాన వాటాలు. అమ్మాయికి పెళ్లిలోనే ఇచ్చేశాం అన్న మాట అక్కడ చెల్లదు. రేపు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) కోసం కొట్టు తనఖా పెట్టాలన్నా అందరి సంతకాలూ కావాలి.

వీలునామాకు తెల్లకాగితం చాలు, స్టాంపు డ్యూటీ లేదు. ఇద్దరు సాక్షులు కావాలి. మీకన్నా చిన్నవాళ్లు, ఆస్తిలో ఏమీ రానివాళ్లు అయితే మంచిది. రెండు రాష్ట్రాల ఆస్తికీ ఒకటే సరిపోతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. తెలుగులో రాస్తే సబ్ రిజిస్ట్రార్ ఒడియా అనువాదం అడగవచ్చు, అదీ సిద్ధం చేసుకుని వెళ్లండి. ‘నా కొట్టు అబ్బాయికి’ అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. పట్టాలో ఉన్న ఖాతా, ప్లాటు నంబర్లతో భవనం, కొట్టు పేరు, సరుకు, రావలసిన అరువులు, తీర్చవలసిన ఓడీ, వేటికవి ఎవరికో రాయాలి. భవనం తాతల నాటిదైతే మీ వాటా వరకే రాయగలరు.

నాకు అసలు దిగులు జీఎస్టీ గురించి. ఆ నంబరు మీ పాన్‌తో ముడిపడింది, వారసుడికి మారదు. మీ తర్వాత అబ్బాయి 30 రోజుల్లో కొత్త రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాలి, యజమాని మరణమే కారణమని చూపాలి. మీకు గోదాము ఆంధ్రాలో ఉంది కాబట్టి ఒడిశాలో ఒకటి, ఆంధ్రాలో ఒకటి తీసుకోవాలి. ఆపైన, మీ జీఎస్టీ ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను, అమ్మకాల పన్నులో తగ్గించుకునేది) చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ జతచేసి ఐటీసీ-02 ఫారంతో బదిలీ చేసుకోవాలి. ఆ తర్వాతే పాత నంబరు రద్దు. చాలామంది ముందు రద్దు చేసేస్తారు, క్రెడిట్ పోతుంది. పైగా ఓటీపీ పోయినవారి ఫోనుకే వస్తుంది కాబట్టి, తనను సంతకందారుగా చేర్చమని అబ్బాయి జీఎస్టీ అధికారికి అర్జీ పెట్టుకోవాలి. వ్యాపారం కొనసాగిస్తే మీ పాత జీఎస్టీ బాకీలూ అబ్బాయివే. ఫుడ్ లైసెన్సు మాత్రం కుటుంబం కోసం 90 రోజులు నిలుస్తుంది.

అందుకే ఇప్పుడే భాగస్వామ్య సంస్థగా మార్చమంటాను. ఐటీసీ-02 మీ చేతులతోనే అయిపోతుంది. మీరూ అబ్బాయీ ఇద్దరే అయితే, డీడ్‌లో (భాగస్వామ్య ఒప్పందంలో) ఏం రాసుకున్నా ఒకరు పోగానే సంస్థ రద్దవుతుంది. మీ ఆవిడను మూడో భాగస్వామిగా చేర్చండి, ఒకరు మరణించినా సంస్థ సాగుతుందని షరతు రాయించండి. భవనాన్ని, గోదామును సంస్థలో కలపొద్దు, క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి చేతులు మారినప్పుడు పెరిగిన విలువ మీద వేసేది) పడుతుంది, అద్దెకివ్వండి. సంస్థను రిజిస్టర్ చేయించండి, లేకపోతే అరువుల మీద దావా వేయలేరు.

అరువు పుస్తకం సంగతీ చూడండి. మీ సొంత పేరున ఉన్న బాకీలను మీ తర్వాత కోర్టులో రాబట్టాలంటే వారసులకు సక్సెషన్ సర్టిఫికెట్ (బాకీలు వసూలు చేసుకోవచ్చని కోర్టు ఇచ్చే వారసత్వ పత్రం) కావాలి. బాకీకి గడువు మూడేళ్లు; ఆ లోపు బాకీదారు ‘ఇంత ఇవ్వాలి’ అని రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఏటా మార్చిలో పెద్ద ఖాతాలన్నిటి మీదా ఆ సంతకాలు తీసుకోండి, వచ్చే మార్చి నుంచి ఆ పని అబ్బాయి చేత చేయించండి.