కీబోర్డు ఫోన్ ఇప్పుడు కొనొచ్చా?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో బ్లాక్‌బెర్రీ ప్రివ్ చూశానండీ, స్క్రీన్ పైకి జరిపితే కింద కీబోర్డు వస్తుంది కదా, అదే. రోజూ మెయిల్స్ రాసే పని నాది, టచ్ మీద తప్పులు పడుతున్నాయి. కొనమంటారా?

జవాబు: కీబోర్డు మాత్రం నిజంగా బాగుంటుందండీ. మీట చిన్నదే అయినా నొక్కినట్టు వేలికి తెలుస్తుంది, పైగా ఆ మీటల మీద వేలు అలా రాస్తే పేజీ స్క్రోల్ అవుతుంది, కర్సర్ కూడా జరుగుతుంది, నాకు ఇప్పటికీ భలే నచ్చే సంగతి ఇది. తెలుగులో రాయాలంటే మాత్రం మీటల మీద ఇంగ్లీషు అక్షరాలే ఉంటాయి, మళ్ళీ స్క్రీన్ కీబోర్డుకే రావాలి. అసలు చిక్కు ఏంటంటే ఇది 2015లో వచ్చిన ఫోను, స్నాప్‌డ్రాగన్ 808 ప్రాసెసర్, 3 జీబీ ర్యామ్, ఆండ్రాయిడ్ 6 దగ్గరే ఆగిపోయింది, కొత్త యాప్‌లు చాలావరకు ఎక్కవు, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు, అందుకే బ్యాంకు, యూపీఐ పనులు దీంట్లో అస్సలు పెట్టుకోకండి. బ్యాటరీ కూడా ఊడదీసి మార్చుకునేది కాదు. మెయిన్ ఫోన్‌గా అయితే వద్దండీ. మీ ఇప్పటి ఫోన్‌కే చిన్న బ్లూటూత్ కీబోర్డు కొనుక్కోండి, మెయిల్స్‌కి అది చాలు.