పెనుకొండ బండి అని ధర తగ్గదు

ప్రశ్న: మాది అనంతపురం. ప్రభుత్వోద్యోగిని, జీతం చేతికి 68 వేలు వస్తుంది. ఎఫ్‌డీలో 6 లక్షలున్నాయి. రెండేళ్లలో అమ్మాయిని ఇంజినీరింగ్‌లో చేర్చాలి. ఊళ్లో నెలకు 500 కిలోమీటర్లు తిరుగుతాం, రెండు నెలలకోసారి బెంగళూరు వెళ్లొస్తాం. ఆన్‌రోడ్ 10 లక్షల్లో కియా సోనెట్, టాటా నెక్సాన్, మారుతి బ్రెజాలలో ఏది మేలు? పెనుకొండలో తయారయ్యే బండి ఉండగా వేరేది ఎందుకంటారు మా మామగారు. డీజిల్ తీసుకోమంటారా?

జవాబు: పెనుకొండ దగ్గరి ఎర్రమంచి ఫ్యాక్టరీలో 2019లో కియా సెల్టోస్ తయారీ మొదలైనప్పటి నుంచి మన వైపు కియా అంటే మమకారమే. కానీ ఫ్యాక్టరీ పక్కనే ఉందని షోరూమ్‌లో పైసా తగ్గించరు. మామగారికి నచ్చజెప్పే పని మీదే.

ముందు పన్ను సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. బండి పొడవు నాలుగు మీటర్లు, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకుంటే 18 శాతం. దాటితే 40. సోనెట్, నెక్సాన్ 18లోకి వచ్చాయి. బ్రెజా పొడవు సరిపోయినా పెట్రోలు ఇంజిన్ 1462 సీసీ కావడంతో 40లో పడింది. అందుకే మీ డబ్బుకు అందులో కింది వేరియంటే వస్తుంది. అయినా తీసిపారేయకండి. టర్బో (ఇంజిన్‌లోకి అదనంగా గాలి నెట్టి శక్తి పెంచే పరికరం) లేని ఇంజిన్, రిపేరు తెలిసిన మెకానిక్ ఏ ఊళ్లోనైనా ఉంటాడు, అమ్మితే మంచి రేటు పలుకుతుంది.

మీ బడ్జెట్‌లో దొరికే సోనెట్ 1.2 పెట్రోలుది 83 పీఎస్ శక్తి, నెక్సాన్ టర్బోది 120. టౌన్లో తేడా తెలియదు. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామానుతో, ఏసీ వేసుకుని హైవే మీద లారీని దాటేటప్పుడు తెలుస్తుంది. టెస్ట్ డ్రైవ్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లండి. భద్రతలోనూ నెక్సాన్‌దే పైచేయి: 2018లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ పెట్టే క్రాష్ టెస్టులో 5 స్టార్లు తెచ్చుకున్న తొలి భారతీయ కారు అదే.

సన్‌రూఫ్ కోసం పై వేరియంట్‌కు వెళ్లకండి. ఏప్రిల్ మధ్యాహ్నం టవర్ క్లాక్ దగ్గర దాన్ని తెరిచేదెవరు? వెనక సీటుకు ఏసీ వెంట్ ఉందో లేదో చూసుకోండి, మన ఎండలకు అది ముఖ్యం.

డీజిల్ మీకు అక్కర్లేదు. బెంగళూరు కలిపినా నెలకు 700 కిలోమీటర్లే. పెట్రోలు 110, డీజిల్ 97 అనుకుని, మైలేజీ 15, 19 వేసుకుంటే నెలకు మిగిలేది 1,560 రూపాయలు. డీజిల్ బండికి ముందే పెట్టిన అదనపు లక్షకు పైచిలుకు తిరిగి రావాలంటే ఐదేళ్లు దాటాలి.

నేనైతే నెక్సాన్ పెట్రోలు వైపే మొగ్గుతాను, ఒక షరతు మీద. శనివారం పొద్దున మీ ఊళ్లో దాని సర్వీస్ సెంటర్ గేటు దగ్గర అరగంట నిలబడి, బండి తీసుకుని బయటికొచ్చే ఇద్దరు ముగ్గురిని అడగండి: చెప్పిన టైముకు ఇచ్చారా, బిల్లు చెప్పినంతే అయిందా? వాళ్లు ముఖం చిట్లిస్తే బ్రెజాకే వెళ్లండి.

ఎఫ్‌డీలోంచి 3.5 లక్షలే తీయండి, మిగతాది అమ్మాయి ఫీజుకు. 6.5 లక్షల లోను 9 శాతానికైతే ఐదేళ్లకు ఈఎంఐ 13,493. షోరూమ్ వాళ్లు ఏడేళ్లకు 10,458 అని ఊరిస్తారు, కానీ వడ్డీ దాదాపు 69 వేలు ఎక్కువ కట్టాలి. ఐదేళ్లే పెట్టుకోండి. ఇన్సూరెన్స్ కూడా వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. బయట రెండు కోట్‌లు తెచ్చి ముందు పెట్టండి, బేరం అప్పుడు మొదలవుతుంది.