అర్జీలో ముందు డ్యూటీ గంటలు రాయమ్మా

బి.క్యాంపు, కర్నూలు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు అనంతపురం నుంచి పంపిన అర్జీ చిత్తుప్రతి అందింది. ఒకసారి మామూలుగా, రెండోసారి ఎర్ర కలం పట్టుకొని చదివాను. కానిస్టేబులు కూతురువై, నల్లకోటు వేసుకున్న రెండో ఏడాదే పోలీసులకూ ప్రజల భద్రతకూ అండగా నిలిచే చట్టం కావాలని పూనుకోవడం నాకు సంతోషమే. అయితే నీ తొమ్మిది కోరికల్లో మొట్టమొదటిది పోలీసుల మీద చేయి చేసుకున్నవారికి పదేళ్ల శిక్ష పడాలన్నది కావడం చూసి నా కలం అక్కడే ఆగిపోయింది.

ఆ శిక్ష ఇప్పటికే ఉంది కదమ్మా. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగిని అడ్డుకోవడానికి దౌర్జన్యం చేస్తే 132వ సెక్షన్, గాయపరిస్తే 121వ సెక్షన్ వర్తిస్తాయి; తీవ్రమైన గాయమైతే పదేళ్ల వరకు జైలు అందులోనే రాసి ఉంది. ఉన్నదాన్నే మళ్లీ అడిగితే, అర్జీ అందుకున్నవారు మొదటి పేజీతోనే మడిచి పక్కన పెడతారు. పైగా నేరాలు, శిక్షల విషయం కేంద్రానికీ రాష్ట్రానికీ ఉమ్మడిది కాబట్టి, కేంద్ర చట్టాన్ని కాదని రాష్ట్రం ఏదైనా మార్చాలంటే రాష్ట్రపతి ఆమోదం కావాలి. మన శాసనసభ 2019 డిసెంబరు 13న దిశ బిల్లును ఆమోదించినప్పుడు ఇక అత్యాచారం కేసుల్లో 21 పనిదినాలలో తీర్పు వస్తుందని అందరూ అనుకున్నారు. రాష్ట్రపతి ఆమోదం రాక అది అమలుకు నోచుకోలేదు. శాంతిభద్రతలు, పోలీసు మాత్రం రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితాలో మొదటి రెండు అంశాలు. కనుక నీవు తట్టవలసింది పార్లమెంటు సభ్యుడి తలుపు కాదు, శాసనసభ్యుడి తలుపు. అడగవలసింది కూడా శాసనసభ తనంతట తాను ఇవ్వగలిగినదే.

అది డ్యూటీ గంటలు. నీ జాబితాలో ఇది ఏడో అంశంగా, ఒక్క వాక్యంలో ముగిసిపోయింది. దాన్ని మొదటికి తెచ్చి, మిగిలిన వాటిలో సగం కొట్టివేయి.

ఎందుకో చెబుతాను. నా పోలీసు ఉద్యోగంలో ఒక ఏడాది నవరాత్రుల డ్యూటీలు ముగిశాయో లేదో, దసరా ఉదయమే మమ్మల్ని దేవరగట్టు బన్ని కర్రల ఉత్సవం బందోబస్తుకు వ్యానెక్కించారు. అర్ధరాత్రి మాళమల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం దివిటీల వెలుగులో వందల కర్రలు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు, ఆ జనం మధ్య మా చేతుల్లో లాఠీలు, మెడల్లో విజిళ్లు తప్ప మరేమీ లేవు. తెల్లవారి వ్యానులో కూర్చుని బూట్లు విప్పబోతే పాదాలు ఉబ్బిపోయి రాలేదు. పక్కనున్న హోంగార్డు బ్లేడుతో లేసులు కోసి లాగాడు. ఆ మధ్యాహ్నమే స్టేషనుకు చేరితే సెంట్రీకి మనిషి లేడన్నారు. తుపాకి పట్టుకొని నిలబడ్డాను, నిలబడ్డచోటనే కునుకు పట్టింది. ఆ వేళలో ఒక ముసలామె కొడుకు కొడుతున్నాడని చెప్పుకోవడానికి వచ్చి, నేను కసిరేసరికి మెట్ల మీదనుంచే వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ప్రజల భద్రత అని నీవు రాసిన చోటల్లా నాకు ఆమే కనిపించింది.

చట్టం సంగతి నీకే నాకంటే బాగా తెలుసు. 1861 నాటి పోలీసు చట్టం 22వ సెక్షన్ ప్రకారం పోలీసు ఎల్లవేళలా డ్యూటీలో ఉన్నట్టే లెక్క. మన జిల్లాలకు వర్తించే 1859 నాటి మద్రాసు జిల్లా పోలీసు చట్టం దానికంటే పాతది. కేంద్రం వేసిన సొరాబ్జీ కమిటీ 2006లో తయారుచేసిన నమూనా పోలీసు చట్టంలో మాత్రం, డ్యూటీ సాధారణంగా రోజుకు ఎనిమిది గంటలు మించకూడదన్న మాట ఉంది. మన రాష్ట్రంలో 2019లో వారానికొక సెలవు ఉత్తర్వుగా వచ్చింది గాని, మనుషులు చాలక చాలాచోట్ల సడలిపోయింది. ఉత్తర్వును పక్కన పెట్టడానికి ఒక వైర్‌లెస్ సందేశం చాలు. అందుకే గంటల లెక్కతోబాటు, ఖాళీలను ఏటేటా భర్తీ చేయాలన్న నిబంధన కూడా చట్టంలోనే ఉండాలని రాయి. లేకుంటే ఉన్న నలుగురి చేతనే ఎనిమిది గంటలని రాయించి పన్నెండు గంటలు చేయిస్తారు.

ఇంకొక పొరపాటు ఉంది. పోలీసు సంస్కరణల కోసం వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఇచ్చిన తీర్పునుంచి స్టేషన్ అధికారికి రెండేళ్ల పదవీకాలం తీసుకున్నావు, దర్యాప్తును శాంతిభద్రతల పనినుంచి వేరుచేయడం తీసుకున్నావు, కాని అదే తీర్పులోని, పోలీసులమీద ప్రజల ఫిర్యాదులు వినే సంస్థను వదిలేశావు. నా తోటివారిలో కొందరికి ఈ మాట రుచించకపోవచ్చు గాని, దాన్ని చేర్చు. స్టేషన్లలో సీసీ కెమెరాలు పనిచేయాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చేర్చు. ఇవి లేకపోతే నీది ఉద్యోగుల కోర్కెల పత్రమంటారు. నేను కసిరి పంపిన ఆ ముసలామె తన గోడు చెప్పుకోవడానికి ఒక చోటు ఉండి ఉంటే, నాకే మేలు జరిగి ఉండేది.

ఇక పని జరిగే తీరు. మీ నాన్న చేత సంతకం పెట్టించకు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం, ప్రవర్తనా నియమాలు ఉన్నందున సర్వీసులో ఉన్నవారి సంతకం వారి మెడకే చుట్టుకుంటుంది. రిటైరైనవారి చేత, పోలీసు క్వార్టర్సులోని ఆడవాళ్ల చేత, ముఖ్యంగా పోలీసుతో బంధుత్వమేమీ లేని వ్యాపారులు, ఉపాధ్యాయుల చేత పెట్టించు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి, జిల్లాలో మంజూరైన కానిస్టేబులు పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని మాత్రమే అడుగు. ఎవరిని ఎక్కడ వేశారని అడిగితే భద్రత పేరు చెప్పి తిప్పిపంపుతారు. 30 రోజుల్లో జవాబు రావాలి.

శాసనసభ్యుణ్ని మొదటి రోజే బిల్లు పెట్టమనకు. ఖజానామీద ఖర్చు పడే బిల్లుకు 207వ అధికరణం ప్రకారం గవర్నరు సిఫారసు కావాలి, అది ఒక్క సభ్యుడి చేతిలో ఉండదు. బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖ పద్దుమీద చర్చ వచ్చేనాటికి నీ అంకెలతో ఒక ప్రశ్న వేయమను. అదే కాగితాన్ని అధికార పక్షానికీ ప్రతిపక్షానికీ ఒకే రోజున ఇవ్వు; మన సీమలో ఒకరి చేతినుంచి వచ్చిన కాగితం రెండోవారికి విషమే.

సవరించిన ప్రతి రెండు పేజీలు దాటనీయకు. వచ్చే ఆదివారం కర్నూలుకు వచ్చేటప్పుడు తీసుకురా. సమాచార హక్కు దరఖాస్తు నమూనా నేను రాసి ఉంచుతాను.

మీ పెదనాన్న