చెవులు ఒప్పుకుంటేనే స్కూబా డైవింగ్

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 36. మధురవాడలో ఉంటాం, ఐటీ ఉద్యోగం. సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి మా బావమరిది వాళ్లు వస్తున్నారు. పొద్దున రుషికొండలో స్కూబా డైవింగ్, అట్నుంచి అటే అరకు అని ప్లాన్ వేశాం. నాకు చలికాలం వస్తే ముక్కు దిబ్బడ. విమానం దిగేటప్పుడు చెవులు దిబ్బెళ్లు పడతాయి. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, పదో తరగతి తర్వాత మళ్లీ రాలేదు. ఈత అంతంతమాత్రం. నేను డైవింగ్ చేయొచ్చా? మా బాబుకు తొమ్మిదేళ్లు, వాడూ వస్తానని ఒకటే గొడవ. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగే ఈ డైవింగ్ అనగానే చాలామంది సొరచేపల గురించి అడుగుతారు. మీరు ముక్కు, చెవుల సంగతి అడిగారు, సంతోషం. కొత్తగా నీళ్లలోకి దిగేవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి అవే.

‘మొదటిసారి కదా, ఎక్కువ లోతుకు తీసుకెళ్లరులే’ అనుకోవద్దు. నీటిపైన మన మీద ఉండే ఒత్తిడి పది మీటర్ల లోతుకు వెళ్లేసరికి రెట్టింపవుతుంది. అక్కడినుంచి ఇంకో పది మీటర్లు దిగితే అది ఒకటిన్నర రెట్లే అవుతుంది. అంటే చెవికి అసలు కష్టమంతా మొదటి కొద్ది మీటర్లలోనే. కర్ణభేరి వెనకాల ఉండే గాలి ఒత్తిడికి కుంచించుకుపోతుంది, కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది. ముక్కు వెనకనుంచి చెవికి వెళ్లే సన్నటి గొట్టం, అదే యూస్టేషియన్ ట్యూబు, తెరుచుకుని గాలి లోపలికి వెళ్తే సర్దుకుంటుంది. జలుబు చేసి ఆ గొట్టం వాచి ఉంటే గాలి వెళ్లదు. నొప్పి మొదలవుతుంది. మొండిగా ఇంకా దిగితే లోపల రక్తం చేరవచ్చు, కర్ణభేరి చిరగనూ వచ్చు.

విమానంలో మీకు చెవులు దిబ్బెళ్లు పడుతున్నాయంటే ఈ గొట్టం కాస్త మొరాయిస్తోందని అర్థం. ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా గాలి ఊదండి. రెండు చెవుల్లోనూ ‘టప్’మని వినిపించాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ల చెవిలోకి లైటు వేసి చూస్తూ ఇదే చేయమంటాను. ముత్యం రంగులో మెరిసే కర్ణభేరి కొంచెం బయటికి కదిలితే గొట్టం పనిచేస్తున్నట్టే. ఒక చెవిలో కదిలి రెండో దాంట్లో కదలకపోతే ముందు ముక్కుకు వైద్యం, ఆ తర్వాతే సముద్రం. గులిమి గట్టిగా అడ్డం పడి ఉంటే డాక్టర్ చేత తీయించుకోండి. పిన్నీసులు, పుల్లలు పెట్టకండి.

నీళ్లలో నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. దిగడం మొదలుపెట్టగానే ఊదడం మొదలుపెట్టాలి, ప్రతి రెండు మూడు అడుగులకూ ఊదుతూనే ఉండాలి. చెవి తెరుచుకోకపోతే ఇన్‌స్ట్రక్టర్‌కు సైగ చేసి కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. బలంగా మాత్రం ఊదొద్దు, లోపలి చెవి దెబ్బతింటే వినికిడే పోవచ్చు. జలుబున్న రోజు ముక్కులో చుక్కలు వేసుకుని దిగిపోదాం అనేవాళ్లు ఉంటారు. నీళ్లలో ఉండగా మందు ప్రభావం తగ్గిపోతే పైకి వచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కుపోతుంది. ఆ రోజుకు మానేయడమే మేలు. కట్టిన అడ్వాన్సు పోతే పోయింది.

ఉబ్బసం విషయంలో నేను అంత తేలిగ్గా సరేనని చెప్పను. సిలిండర్‌లోని గాలి బాగా పొడిగా ఉంటుంది, కొందరికి దానివల్ల ఆయాసం మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో ఏ మూలైనా గాలి ఇరుక్కుంటే పైకి వచ్చేటప్పుడు అది ఉబ్బి కణజాలాన్ని చీల్చగలదు, ఆ గాలి రక్తంలో కలిసి మెదడుకు చేరితే ప్రాణాపాయం. ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆరోగ్యవంతులకైనా ఇదే జరగొచ్చు, అదీ నాలుగైదు అడుగుల లోతునుంచే. అందుకే నీటి కింద ఊపిరి బిగబట్టకూడదన్నది మొట్టమొదటి నియమం. ఇరవై ఏళ్లుగా మీకు ఉబ్బసం రాలేదు, ఇన్‌హేలర్ వాడే అవసరం లేదు అనుకుంటే అవకాశం ఉంది. కానీ ముందు ఛాతీ డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది ఊపిరి ఎలా ఉందో చూసే పరీక్ష, చేయించుకోండి. నడకలోనో, చలిగాలికో పిల్లికూతలు వస్తుంటే ఈ సరదా వదిలేయండి.

డైవింగ్‌కు ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇస్తారు. మనవాళ్లు చదవకుండా అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టి సంతకం చేసేస్తారు. మీరు ఉబ్బసం దగ్గర ‘ఉంది’ అనే రాయండి. అసలు ఏమీ అడక్కుండా సూటు తొడిగేసే చోటైతే వెనక్కి వచ్చేయండి.

ఇక మీ ప్లాన్. డైవింగ్ చేసిన రోజే అరకు వద్దు! నీటి కింద పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, అది బయటికి పోవడానికి గంటలు పడుతుంది. ఈలోగా ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గి అది ఒంట్లోనే బుడగలుగా మారి హాని చేయవచ్చు. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనే, దారిలో గాలికొండ ఇంకా ఎత్తు. విమానం ఎక్కడానికి ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటికంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలంటారు. ఘాట్ రోడ్డుకూ అదే పాటించండి. ముందు అరకు వెళ్లొచ్చి, తర్వాత రుషికొండ పెట్టుకోండి. మీ బావమరిది తిరుగు టికెట్ కూడా చూసుకోండి.

డైవింగ్ తర్వాత కీళ్లనొప్పులు, తిమ్మిర్లు, కాళ్లలో నీరసం, తల తిరగడం, దద్దుర్లు, ఛాతీలో నొప్పి వస్తే పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలో మొదటి మాటగా ‘డైవింగ్ చేశాను’ అని చెప్పండి, ఆక్సిజన్ వెంటనే పెట్టాలి. చెప్పకపోతే డ్యూటీ డాక్టర్‌కు ఆ ఆలోచనే రాకపోవచ్చు. చెవి నొప్పి, రక్తం, వినికిడి తగ్గడం లాంటివి ఉంటే సొంతంగా చుక్కలు వేయకుండా అదే రోజు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని ఒకసారి నీటి కింద చూపిస్తారు. సర్టిఫికెట్ కోర్సు చేయాలంటే మాత్రం 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు తేలాలి. మీ బాబుకు ఇంకా టైముంది. సముద్రంలో డైవింగ్‌కు సాధారణంగా పదేళ్లు నిండాలి, వాడి ముక్కు, చెవులూ చూపించాలి. ఈలోగా వాణ్ని ఈత నేర్చుకోవడానికి చేర్పించండి. మీరూ అదే బ్యాచ్‌లో చేరండి.