చివరి పేజీలో రాసుకున్న కోరికలు

ప్రశ్న: నాకు పదహారేళ్లు. ‘పెద్దయ్యాక నా జీవితం’ అని క్లాసులో వ్యాసం రాయమన్నారు. డాక్టర్నయి అందరికీ సేవ చేస్తానని రెండు పేజీలు రాశాను. మంచి మార్కులు వేసి అందరి ముందూ చదివించారు. చదువుతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. అందులో ఒక్క ముక్క కూడా నాది కాదు, చిన్నప్పట్నుంచీ నాన్న చెప్పేదే. నాకు నిజంగా ఏం కావాలో అదే నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. నాకంటూ ఒక గది, దానికో కిటికీ. అమ్మ డబ్బు కోసం ఎవర్నీ అడగక్కర్లేకుండా చేయడం. చెట్ల బొమ్మలు వేసుకోవడానికి రోజూ కాస్త టైము. నాన్నలా కోపంగా ఇంటికి రాకుండా ఉండటం. అసలు ఇవి లక్ష్యాలేనా? నా ఫ్రెండ్స్ అందరికీ ఏమవ్వాలో తెలుసు, నాకొక్కదానికే తెలీదు. నాలో ఏదైనా లోపం ఉందా? నాన్నకు చెప్పాలా?

జవాబు:

మూడు ప్రశ్నలు అడిగావు. నిన్ను ఎక్కువగా తినేస్తున్నది మధ్యలోది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను. నీలో ఏ లోపమూ లేదు తల్లీ.

‘ఐడెంటిటీ క్రైసిస్’ అనే మాట నువ్వు వినే ఉంటావు, నేనెవరో తేల్చుకోలేక సతమతమవడం అన్నమాట. ఆ మాటను వాడుకలోకి తెచ్చిన మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1902లో పుట్టాడు. హైస్కూలు అయ్యాక అతనికీ ఏం చెయ్యాలో తోచలేదు. బొమ్మలు వేసుకుంటూ యూరప్‌లో ఏళ్ల తరబడి తిరిగాడు. 1927లో, పాతికేళ్ల వయసులో, వియన్నాలోని ఒక చిన్న బడికి రమ్మని స్నేహితుడు పిలిస్తే పాఠాలు చెప్పడానికి వెళ్లాడు. పిల్లల మనసుల గురించి నేర్చుకోవడం అక్కడ మొదలైంది. యూనివర్సిటీ డిగ్రీ లేకుండానే తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. నువ్వూ అలా తిరగమని నా ఉద్దేశం కాదు. ఆ వెతుకులాట రోజులకు ఆయన పెట్టిన పేరు నీకు తెలియాలని చెప్తున్నాను. దాన్ని ‘మారటోరియం’ అన్నాడు. అప్పు తీర్చడానికి ఇచ్చే గడువుకు వాడే మాట అది. నేనెవర్ని అనే ప్రశ్నకు జవాబు చెప్పడానికి నీ వయసు వాళ్లకు కొంత గడువు కావాలి, లోకం అది ఇవ్వాలి అని ఆయన నమ్మాడు.

ఆయన ఆలోచననే పట్టుకుని జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్త 1966లో కాలేజీ విద్యార్థులతో మాట్లాడి ఒక సంగతి చెప్పాడు. ఎవరినైనా రెండు విషయాలు అడగాలి: వెతికావా, నిర్ణయించుకున్నావా అని. వెతికి నిర్ణయించుకున్నవాళ్లు కొందరు. ఇంకా వెతుకుతున్నవాళ్లు కొందరు. వెతకడం లేదు, నిర్ణయమూ లేదు, రోజులు గడిపేస్తున్నవాళ్లు కొందరు. అసలు వెతక్కుండానే, ఇంట్లోవాళ్లు చెప్పింది అలాగే తీసుకుని నిర్ణయించేసుకున్నవాళ్లు మరికొందరు. ఈ ఆఖరివాళ్లనూ మొదటివాళ్లనూ పక్కపక్కన నిలబెట్టి ఏమవుతావని అడిగితే ఇద్దరూ ఒకే ధీమాతో జవాబు చెప్తారు. బయట్నుంచి తేడా కనబడదు. నీ వ్యాసం విన్న క్లాసంతా నీక్కూడా అన్నీ తెలుసనే అనుకుని ఉంటుంది కదా? నీ ఫ్రెండ్స్‌లో ఎంతమంది నోటు పుస్తకాలకు చివరి పేజీలున్నాయో నీకెలా తెలుస్తుంది?

ఇంట్లోవాళ్లు చెప్పిన దారిలో వెళ్లి సంతోషంగా ఉన్నవాళ్లూ చాలామంది ఉన్నారు, వాళ్లను తక్కువ చెయ్యను. నీ విషయంలో మాత్రం నాకు ఒక్కటే పట్టింపు. ‘నాకు తెలీదు’ అనే మాట నువ్వు రెండు రకాలుగా అనొచ్చు. తెలీదని కూర్చోవచ్చు, తెలీదు కాబట్టి చూద్దామని లేవొచ్చు. నీది ఏ రకమో ఉత్తరాన్ని బట్టి చెప్పలేను. చివరి పేజీ రాసుకున్నావంటే లేవడానికే సిద్ధంగా ఉన్నావని నా నమ్మకం.

ఇక నీ మొదటి ప్రశ్న, ఇవి లక్ష్యాలేనా అని. అవును, లక్ష్యాలే. వ్యాసంలో నిన్ను ఏమవుతావని అడిగారు. నువ్వు చివరి పేజీలో ఎలా బతకాలనుకుంటున్నావో రాసుకున్నావు. మొదటిదానికి ఒక్క మాట చాలు. డాక్టర్, లాయర్, ఇంజనీర్ అంటే సరిపోతుంది. రెండోదానికి పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఒక రోజంతా ఊహించుకోవాలి. నువ్వు అది ఊహించుకున్నావు. నలభై ఏళ్లవాళ్లు నా ఎదుట కూర్చుని బాధపడేది కూడా ఎక్కువగా నీ నాలుగు వాక్యాల్లో ఉన్నవాటి గురించే. ఇంట్లో తనకంటూ కాస్త చోటు లేదని, ప్రతిదానికీ ఒకరి చేతికేసి చూడాల్సి వస్తోందని, ఇష్టమైన పని ముట్టుకుని ఏళ్లయిందని, పిల్లల మీద ఎందుకు అరుస్తున్నామో తమకే తెలియట్లేదని.

ఆ నాలుగో వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఎలా ఉండాలనుకుంటామో ఆ రూపంతో పాటు, ఎలా అయిపోతామేమోనని భయపడే రూపం కూడా మనిషిని నడిపిస్తుందని హేజెల్ మార్కస్, పౌలా నూరియస్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో రాశారు. తర్వాత మార్కస్, డాఫ్నా ఆయ్‌సర్‌మన్ కలిసి చట్టంతో చిక్కుల్లో పడిన పిల్లలనూ పడని పిల్లలనూ పోల్చి చూశారు. భయం రెండు వైపులా ఉంది. చిక్కుల్లో పడని పిల్లల్లో ఎక్కువగా కనబడిందేమిటంటే, ఏ విషయంలో భయముందో అదే విషయంలో తాము ఎలా ఉంటామన్న ఊహ కూడా జతగా ఉండటం. ఊరికే భయపడితే ఎటు పరిగెత్తాలో తెలీదు, వెళ్లాల్సిన చోటు కూడా కనబడాలి. నీ నాలుగో వాక్యంలో భయం ఒక్కటే ఉంది. నాన్నలా రాకుండా, మరి ఎలా వస్తావు? తలుపు తీశాక మొదటి మాట ఏమంటావు? ఆ రోజు పనిలో ఏదో చెడిపోతే ఇంట్లోకి అడుగుపెట్టే ముందు దాన్ని ఏం చేస్తావు? ఆ వాక్యం కింద ఇవి కూడా రాసుకో. రాయలేకపోతే, కోపం లేకుండా ఇంటికి వచ్చే పెద్దవాళ్లు నీకు తెలిసినవాళ్లలో ఎవరున్నారో చూడు. వాళ్లు ఏం చేస్తున్నారో గమనించు.

నాన్న గురించి కూడా ఒక మాట. కోపంగా ఇంటికొచ్చే మనిషి సాధారణంగా పనిచోట ఎవరితోనో అనలేని మాటను మింగి వస్తాడు. ఆ కోపం ఒప్పని కాదు. నిన్ను డాక్టర్ని చెయ్యాలన్న పట్టుదల కూడా అక్కడే పుట్టి ఉండొచ్చు, తన బిడ్డ ఎవరి ముందూ తలవంచకూడదని. అయితే ఆ కోపం మాటలు దాటి చేతలదాకా వస్తోందా? అమ్మ మీదో నీ మీదో చెయ్యి పడుతోందా? అలాగైతే ఈ ఉత్తరమంతా పక్కన పెట్టు. నువ్వు నమ్మే టీచరుకో బంధువుకో ఈరోజే చెప్పు, నాకూ రాయి. అది కెరీర్ సమస్య కాదు, దానికి సహాయం వేరే ఉంటుంది.

అమ్మ గురించి రాసిన వాక్యం చదివి నా కళ్లు చెమ్మగిల్లాయి. కానీ ఆ బరువు మొత్తం పదహారేళ్ల భుజం మీద వేసుకోకు. అమ్మకు ఏం కావాలో ఎప్పుడైనా అడిగావా? నువ్వు సంపాదించి ఇవ్వాలని ఆవిడ కోరుకుంటుందో, తనే ఏదైనా నేర్చుకుని సంపాదించుకోవాలనుకుంటుందో నీకు తెలీదు. అడిగితే మీ ఇద్దరికీ మంచిది.

ఆ కోరికకు నీ వైపు నుంచి మాత్రం స్థిరమైన ఆదాయం కావాలి. ఇష్టమైనదే ఉద్యోగం కావాలని పెద్దవాళ్లు గొప్పగా చెప్తుంటారు, నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. నువ్వు ఆర్టిస్టునవ్వాలని రాయలేదు. రోజూ కాస్త టైము కావాలని రాశావు. ఆ రెండూ ఒకటి కావు. నెల గడవడానికి ఒక పని, మనసు గడవడానికి ఒక పని ఉన్న మనుషులు చాలా బాగా బతకగలరు. అయినా రెండూ కలిసే చోట్లు కూడా ఉన్నాయి, అవి నీకెవరూ చెప్పి ఉండరు. వృక్షశాస్త్రంలో మొక్కల బొమ్మలు గీసేవాళ్ల అవసరం ఈరోజుకీ ఉంది. ఫోటోలో ఆ క్షణానికి కనబడేదే పడుతుంది. గీసేవాళ్లు పువ్వూ కాయా విత్తనమూ వేరూ, కోసి చూస్తే లోపల ఎలా ఉంటుందో అదీ, ఒకే కాగితం మీద చూపించగలరు. తోటలకూ పార్కులకూ నమూనాలు గీసే వృత్తి ఉంది. అడవుల మీద చదువులున్నాయి. వైద్య పుస్తకాలకు శరీర భాగాల బొమ్మలు వేయడం కూడా ఒక వృత్తే.

డాక్టర్ అనే మాటను ఇప్పుడే కొట్టెయ్యొద్దు. నాన్న చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నా, నాన్న చెప్పాడు కాబట్టి వద్దన్నా, రెండు సార్లూ నిర్ణయం ఆయనదే అవుతుంది. ఎవరైనా డాక్టరు దొరికితే ‘డాక్టర్ అవ్వడం ఎలా ఉంటుంది’ అని అడక్కు. ‘నిన్న పొద్దున్నుంచి రాత్రిదాకా ఏం చేశారు, అందులో ఏది బాగుంది, ఏది విసుగనిపించింది’ అని అడుగు. మొక్కలు గీసేవాళ్లనూ, తోటలు చేసేవాళ్లనూ ఇదే అడుగు. కూర్చుని ఊహించుకునేదానికంటే, ఆ పనిలో ఉన్నవాళ్ల నిన్నటి రోజు వింటే నీకు ఎక్కువ తెలుస్తుంది.

ఊహల గురించి నిన్ను కాస్త హెచ్చరించాలి. గాబ్రియేల్ ఒట్టింగెన్ అనే మనస్తత్వవేత్త చదువు పూర్తవుతున్న యూనివర్సిటీ విద్యార్థులను, మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎంత తరచుగా ఊహించుకుంటారని అడిగింది. రెండేళ్ల తర్వాత చూస్తే, తియ్యటి ఊహల్లో ఎక్కువగా గడిపినవాళ్లు తక్కువ అప్లికేషన్లు పెట్టారు, వాళ్లకు తక్కువ ఉద్యోగాలు వచ్చాయి, జీతమూ తక్కువే. ఊహలోనే సగం దొరికేసినట్టు అనిపిస్తే కాళ్లు కదలవు కాబోలు. కోరిక పక్కనే దానికి అడ్డం వచ్చేది కూడా తలుచుకోమంటుంది ఆవిడ. ముఖ్యంగా మనలోనే ఉన్న అడ్డం. నీ చివరి పేజీకి ఒక గీత కొట్టి కుడివైపు అది రాయి. ‘రోజూ కాస్త టైము’ పక్కన ఏం రాస్తావు? ఈ వారం ఎన్ని రోజులు బొమ్మ వేశావు? ఇప్పుడు వారానికి ఒక్కరోజైనా కుదరట్లేదంటే, ముప్ఫయ్యో ఏట దానంతటదే కుదిరిపోతుందని అనుకోకు.

చదువు విషయంలో ఈ ఏడాదికి నా సలహా చిన్నదే. ఏ సబ్జెక్టు ఇప్పుడు వదిలేస్తే తర్వాత తిరిగి రావడం కష్టమో కనుక్కో. దాన్ని విసుగొచ్చినా వదలకు. మిగతావాటిలో నీకు నచ్చినట్టు చెయ్యి.

నాన్నకు చెప్పాలా అన్నావు. చెప్పాలి. కానీ నాకు డాక్టర్ అవ్వాలని లేదంటూ మొదలుపెడితే ఆయన చెవికి ‘మీరు నాకోసం అనుకున్నదంతా వద్దు’ అన్నట్టే వినిపిస్తుంది, పైగా అది పూర్తిగా నిజం కూడా కాదు. నీకు వద్దని తేలలేదు, కావాలని తేలలేదు, అంతే. ఆయన అప్పుడే ఇంటికొచ్చిన సమయం కాకుండా, తీరిగ్గా ఉన్న రోజు చూసుకో. ముందు అమ్మకు చెప్పి ఆవిడను పక్కన కూర్చోబెట్టుకున్నా సరే. ‘నాన్నా, డాక్టర్ చదువు నాకు సరిపడుతుందో లేదో తెలుసుకోవాలని ఉంది. ఒకరిద్దరు డాక్టర్లతో మాట్లాడిస్తారా? ఇంకో రెండు పనుల గురించి కూడా తెలుసుకుంటాను’ అను. ఆయన సహాయం అడుగుతున్నావు కాబట్టి కాదనడం కష్టం. వీలు చూసి, పదహారేళ్లప్పుడు ఆయన ఏమవ్వాలనుకున్నాడో అడుగు. ఆయన నోటు పుస్తకానికి కూడా ఒక చివరి పేజీ ఉండే ఉంటుంది.

ఆయన మొదటిసారి ఒప్పుకోకపోవచ్చు. అరిస్తే అక్కడితో ఆపెయ్యి, వాదించకు. నెల తర్వాత మళ్లీ అడుగు. నీకు తొందరేం లేదు. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో 18 నుంచి 68 ఏళ్ల మధ్య వయసున్న 19,000 మందికి పైగా మనుషుల్ని గడిచిన పదేళ్లలో ఎంత మారారు, వచ్చే పదేళ్లలో ఎంత మారతారు అని అడిగారు. ఏ వయసువాళ్లయినా, మారాల్సినంత మారిపోయామని, ఇకముందు పెద్దగా మారమని అనుకున్నారట. కానీ వాళ్లకంటే పదేళ్లు పెద్దవాళ్లు తాము ఆ పదేళ్లలో చాలా మారామన్నారు. మీ నాన్నా మారతాడు, నువ్వూ మారతావు. అందుకే చివరి పేజీని పెన్సిల్‌తో రాసుకో, కింద తేదీ వెయ్యి. ఏడాదికోసారి తీసి చూడు.

ఆ వ్యాసం అబద్ధమని టీచరుకు చెప్పక్కర్లేదు. పదహారేళ్ల పిల్లలు ఇంట్లో విన్నది రాయడం మోసం కిందికి రాదు. ఆ సిగ్గు మాత్రం మంచిదే, ఆ రెండు పేజీలూ నీవి కావని నీకు చెప్పింది అదే కదా.

మళ్లీ ఉత్తరం రాసేటప్పుడు ఒక సంగతి రాయడం మర్చిపోకు. చెట్ల బొమ్మలన్నావు గానీ, ఏ చెట్టో చెప్పలేదు.